నలభై జిరాక్సులు

మా నాన్నగారు నా బయోడేటాలో ఈ-మెయిల్ చిరునామా కింద పాస్‌వర్డ్ కూడా టైపు చేయించారు. నవ్వదలచుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వుకోండి. ముందు ముందు నవ్వడానికి పెద్దగా ఏమీ లేదు.

అది 1999. ఆయన పేరు యజ్ఞనారాయణ. తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి, నగరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేస్తూ, శేరిలింగంపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మనిషి. కాగితం మీద లేనిది ఏదీ జరిగినట్టు కాదని ఆయన నమ్మకం. నేను డిగ్రీ పూర్తిచేసి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, మొదటిసారి ఒక ఈ-మెయిల్ పెట్టె తెరిచానని చెబితే, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. నా దగ్గరేనన్నాను.

"మరి కంపెనీవాళ్ళు ఉత్తరం ఎలా వేస్తారమ్మా? తాళం చెవి ఇవ్వకుండా పెట్టెలో వేయమంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?"

వేయడానికి తాళం అక్కర్లేదు, తీసుకోవడానికే కావాలని చెప్పాను. వీధి చివర పోస్టు డబ్బాను ఉదాహరణగా చూపించాను కూడా. ఆయన శ్రద్ధగా విన్నారు, తల ఊపారు, మర్నాడు ఆఫీసు టైపిస్టు చేత రెండూ కొట్టించారు. ఎందుకైనా మంచిదట. మా ఇంట్లో గాయత్రీ మంత్రం కంటే ఎక్కువసార్లు వినపడే మాట అది.

ఆ కాగితాన్ని లింగంపల్లి స్టేషన్ దగ్గర కొమురయ్య దుకాణంలో నలభై జిరాక్సులు తీయించారు. ఆఫీసులో పంచారు, వీధిలో పంచారు, తిరుపతి రైల్లో పరిచయమైన ఒకాయనకు కూడా ఇచ్చారు. ఆ రోజుల్లో అదే పద్ధతి. మాదాపూర్ బండరాళ్ళ మధ్య కంప్యూటర్ కంపెనీల కోసం గాజు మేడ లేచింది. అందులో ఎవరికో ఎవరో తెలిసి ఉంటారు, బయోడేటా చేతిలో పెడితే ఎప్పటికైనా అక్కరకొస్తుందని ప్రతి తండ్రి సంచిలోనూ ఒక కట్ట ఉండేది. అలా నా పెట్టె తాళం దాదాపు నలభై మంది జేబుల్లోకి చేరింది. మార్చుకోవచ్చు కదా అని మీరంటారు. నాతో కోర్సు చేసిన నవ్య కూడా అదే అంది. మారిస్తే బయోడేటాలో ఉన్నది తప్పవుతుంది, నలభై కాగితాలూ మళ్ళీ కొట్టించాలి. నేనూ ఆయన కూతురినే. మార్చలేదు.

ఉద్యోగం మాత్రం ఆ నలభై కాగితాల వల్ల రాలేదు. పేపర్లో ప్రకటన చూసి నేనే వెళ్ళాను. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన మాటలను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విని టైపు చేసే కంపెనీ. వందమంది పరీక్ష రాస్తే పదకొండు మందిని తీసుకున్నారు, అందులో నేనున్నాను. నియామకం ఉత్తరం ఈ-మెయిల్‌లో వస్తుందని, వారంలోగా ఒప్పుకుంటూ జవాబివ్వాలని చెప్పారు. పనివేళలు రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు. ఇంటి దగ్గరి నుంచి సుమోలో తీసుకెళ్ళి దింపుతారు. ఇంట్లో మాత్రం పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం అయిదున్నర అని చెప్పాను. అది నా అబద్ధం. దాన్ని ఎవరి మీదకూ నెట్టను.

రోజు విడిచి రోజు ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళి పెట్టె తెరిచేదాన్ని. ఖాళీ. పన్నెండు రోజులు చూసి, ఒక సోమవారం కంపెనీకే వెళ్ళాను. ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ ఫైలు తిరగేసి కళ్ళజోడు మీదుగా చూసింది.

"మీరే డిక్లైన్ చేశారు కదా సంయుక్తా. మీ మెయిల్ వచ్చింది."

"నేను పంపలేదు మేడమ్."

"మీ ఐడీ నుంచే వచ్చిందండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. కాళ్ళు పట్టుకుందామని తిరిగొచ్చిన పిల్లను చూసినట్టు చూసింది, అంతే. పది నిమిషాలు బతిమాలాక ఒక దారి చెప్పింది. నా పేరుతో ఎవరో పంపారని పోలీసుల దగ్గర నుంచి ఒక కాగితం తెస్తే, శుక్రవారం సాయంత్రం దాకా సీటు ఆపుతుంది. వచ్చే సోమవారం శిక్షణ మొదలు. కాగితం లేకపోతే పన్నెండో అమ్మాయికి కబురు వెళ్తుంది.

ఇంటికి వచ్చి చెప్పాను. మా అమ్మ సుబ్బలక్ష్మి వంటింటి గడపలోనే నిలబడిపోయింది. నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"పోనీలే అమ్మా. ఇంకోటి చూద్దాం. ఇదొక్కటే ఉద్యోగమా ఏమిటి?"

"పోలీస్ స్టేషన్‌కు వెళ్తాను నాన్నగారూ."

"ఆడపిల్లవి, స్టేషన్ మెట్లెక్కడం ఏమిటే?" అంది అమ్మ.

ఎవరూ రాకపోతే ఒక్కదాన్నే వెళ్తానన్నాను. నాన్నగారు లేచి తెల్లకాగితం తీసుకుని నా బదులు ఫిర్యాదు రాశారు. పైన విషయం, దాని కింద సూచిక, దాని కింద సరిగ్గా మధ్యలో మూడు నక్షత్రాలు, ఆ తర్వాత "పై విషయమై తమ దయగల దృష్టికి తెచ్చునది ఏమనగా". బడికి నేను పెట్టిన జ్వరం సెలవు చీటీలన్నీ ఈ మూడు నక్షత్రాలతోనే వెళ్ళేవి. నేను దాన్ని నా చేతిరాతతో శుభ్రంగా ఎత్తి రాశాను.

ఇప్పటి పిల్లలకు ఇలాంటివి ఏ నంబరుకు చెప్పాలో బస్సుల మీద రాసి ఉంటోంది. మాకు ఎక్కడ చెప్పాలో తెలియదు. ఎక్కడ చెప్పించుకోవాలో పోలీసులకూ తెలియదు. మంగళవారం నాడు స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే హెడ్ కానిస్టేబుల్ బాలనర్సయ్య కుర్చీ చూపించి మర్యాదగానే అడిగాడు.

"ఏం పోయిందమ్మా? బంగారమా, బండా?"

"ఉత్తరం సార్. ఈ-మెయిల్."

"కాయిదమేది?"

"కాగితం ఉండదు సార్. కంప్యూటర్‌లో ఉంటుంది."

"కంప్యూటర్ పోయిందా?"

"కంప్యూటర్ పోలేదు సార్."

"మరి పోయిందేందమ్మా? జర సమజయ్యేటట్టు చెప్పు. గీ బుక్కుల దొంగతనాలకు ఒక కాలమున్నది, కొట్లాటలకు ఒకటున్నది, తప్పిపోయినోళ్ళకు ఒకటున్నది. నీది ఏ కాలంల రాయాలె?"

వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాడు. ఉత్తరం వచ్చినట్టు నాకు తెలియదు, పోయినట్టు నాకు తెలియదు, జవాబు మాత్రం నేనే ఇచ్చాను. దీన్ని ఏ కాలంలో రాస్తారు?

ఇంతలో ఎస్సై శివశంకర్ వచ్చాడు. కడప వైపు మనిషి, ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. నిలబడే ఫిర్యాదు చదివి, డ్రాఫ్టు ఎవరిదో గాని బలే ఉండాదని మెచ్చుకుని, మమ్మల్ని లోపలికి పిలిచాడు. అతనికి పాస్‌వర్డ్ అంటే తెలుసు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సెక్షన్ లేదు మ్మా దీనికి," అన్నాడు. "ఢిల్లీలో కొత్త చట్టం రాస్తాండారంట, అది ఎప్పుడొస్తాదో ఏమో. ఉండేది పాతదే. ఫోర్జరీ అందామా అంటే కాగితం చూపించల్ల. దొంగతనం అందామా అంటే నీ పెట్టె నీ దగ్గరే ఉండాది. వేరేవాళ్ళ మాదిరి నటించి మోసం చేసినారని ఒకటుంది, నాలుగు వందల పంతొమ్మిది. దాంట్లో ఇరికిద్దాం. ఆ మెయిల్ ప్రింటు తీసుకురా, నీకు కావల్సిన కాగితం నేనిస్తా."

"మరీ కేసు దాకా ఎందుకండి," అన్నారు నాన్నగారు. "ఊరికే ఒక కాగితం ఇస్తే చాలు కదండి."

ఆడపిల్ల పేరు కోర్టుకెక్కుతుందని భయపడుతున్నారనుకున్నాను. ఎంత జాలి వేసిందో ఆ క్షణం ఆయన మీద. ఆ జాలి ఇప్పటికీ నాకు తిరిగి రావలసి ఉంది.

కంపెనీ ఆవిడ పై అధికారిని అడిగి ప్రింటు ఇవ్వడానికి గురువారమైంది. కవరు తీసుకుని కొత్తగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి, ఆగలేక తెరిచాను. ఇంగ్లీషులో ఉంది. పైన సబ్జెక్టు. దాని కింద రిఫరెన్సు, కంపెనీ పంపిన మెయిల్ తేదీతో సహా. దాని కింద సరిగ్గా మధ్యలో మూడు నక్షత్రాలు. ఆపైన "అడ్వర్టింగ్ టు ద రిఫరెన్స్ సైటెడ్" అని మొదలుపెట్టి, కుటుంబ కారణాల వల్ల సదరు ఉద్యోగంలో చేరజాలనని సవినయంగా మనవి చేసుకుని, చివర "ఫర్ ఫేవర్ ఆఫ్ ఇన్ఫర్మేషన్" అని ముగించి, కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద కంపెనీ పంపిన అసలు ఉత్తరం ఉంది. పనివేళలు రాత్రి పది నుంచి ఆరు అన్న వాక్యం నల్లగా, లావుగా ఉంది.

ఇరవై రెండేళ్ళ పిల్లలెవరూ అలా రాయరు. కాపీలు అందుకున్న ముప్పై తొమ్మిది మందిలో అలా రాయగలవాళ్ళున్నా, నా ఉద్యోగం ఆపవలసిన అవసరం ఎవరికీ లేదు. నలభయ్యో కాపీ మా ఇంట్లోనే, దేవుడి అలమారలో ఉంది.

రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఆయన మధ్యాహ్నం భోజనం వేళలో ఆఫీసు పక్క ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, నాకోసం కొట్టి ఉంటారు. నా ఉత్తరాన్ని తుడిచేయడం కూడా ఎవరినో అడిగి నేర్చుకుని ఉంటారు. ఆ తర్వాత ఇంటికొచ్చి, ఇంకా ఏమీ రాలేదా అమ్మా అని పన్నెండు రోజులు అడిగారు. నాకు అసహ్యం వేసింది. మా నాన్నగారి మీద నాకు అలాంటిది కలుగుతుందని అంతవరకు తెలియదు. రాత్రి పని వద్దని నా ఎదురుగా నిలబడి అరిచి ఉంటే, నేనూ అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి తేలేది. నా నోటితోనే నాకు వద్దనిపించారు.

కానీ ఆ బస్టాపులో నేను ఇంకొకటి కూడా ఆలోచించాను. ఎస్సైకి తెలియదు. నాకు తెలిసినట్టు నాన్నగారికి తెలియదు. రేపు సాయంత్రం వరకు నోరు మూసుకుంటే, ఎవరో గుర్తు తెలియని వ్యక్తి చేశాడని కాగితం వస్తుంది, ఉద్యోగం నాదవుతుంది. ఆ తర్వాత ఇంట్లో తేల్చుకోవచ్చు. కవరు తిరిగి అంటించాను.

"ప్రింటు ఇచ్చారా అమ్మా?" అని అడిగారు రాత్రి భోజనం దగ్గర.

"ఇచ్చారు. అంటించి ఇచ్చారు, పోలీసులకే ఇమ్మన్నారు."

ఆయన అన్నంలో మజ్జిగ పోసుకోవడం మరిచిపోయి లేచారు. నేను చూసి సంతోషించాను, అబద్ధమెందుకు.

శుక్రవారం పది గంటలకు స్టేషన్‌లో ఉన్నాం. ఎస్సై కవరు చించి చదివాడు. రెండోసారి చదివాడు.

"ఇది చదువుకున్నోడి పని కదప్పా. ఆఫీసు భాష. సార్, ఈ బయోడేటాలు మీ ఆఫీసులో ఎంతమందికిచ్చినారు?"

"ఓ పదిహేను మందికి ఇచ్చానండి."

"పేర్లు రాసియ్యండి. అందర్నీ పిలిపిస్తా. ఎవుడో గుర్తు తెలియనోడు అని రాస్తే మా సర్కిల్ సారు ఊరుకోడు, అనుమానం ఎవురి మీదో ఒక పేరుండల్ల."

పదిహేను మందిలో ఆయన పై అధికారి ఉన్నాడు, కింద గుమాస్తాలున్నారు. వాళ్ళలో ఎవరు ఈ కాగితం చూసినా మూడు నక్షత్రాలు చూసి నవ్వుతారు. నాన్నగారి నుదుటి మీద చెమట నాకు కనపడుతూనే ఉంది. ఇప్పుడైనా చెప్తారేమోనని చూశాను. చెప్పాలని కోరుకున్నానో, చెప్పకూడదని కోరుకున్నానో నాకే తెలియలేదు.

"మా ఆఫీసువాళ్ళు అలాంటివాళ్ళు కాదండి," అన్నారు. "ఆ జిరాక్సు తీసినతను... స్టేషన్ దగ్గర కొమురయ్య అని ఉన్నాడండి. మండలాఫీసుకు అర్జీలవీ టైపు కొడుతుంటాడు. ఈ భాష అతనికి అలవాటేనండి. ఒక కాపీ అట్టిపెట్టుకుని ఉండొచ్చు."

ఎస్సై ఊపిరి పీల్చుకున్నాడు. సర్కారు ఆఫీసులో పదిహేను మందిని పిలవడం కంటే జిరాక్సు దుకాణం వాణ్ణి పిలవడం ఎంత సులువో అందరికీ తెలుసు. మా నాన్నగారికి మరీ బాగా తెలుసు.

నేను మాట్లాడలేదు. వచ్చి రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతాడు, అంతే కదా అనుకున్నాను. పేరు రాసుకుంటే కాగితం వస్తుంది.

అరగంటలో కొమురయ్యను తీసుకొచ్చారు. నల్లగండ్లలో ఉన్న కాస్త భూమి ప్లాట్లు వేసేవాళ్ళకు పోయాక ఆ దుకాణం పెట్టుకున్న మనిషి. యాభై దాటిన వయసు. వేళ్ళకు జిరాక్సు మసి అలాగే ఉంది. నేల మీద కూర్చోమన్నారు. నన్ను చూసి గుర్తుపట్టి, పని మీద పిలిచారనుకుని నవ్వాడు కూడా.

"ఏంది బిడ్డా, కాపీలు సక్కగ రాలేదా? గా దినం అడ్డం పడ్డ కాయిదాలకు పైసలు తీసుకోలే గదా."

"ఈ పాప బయోడేటా కాపీ నీ దగ్గర పెట్టుకున్నావా?" అన్నాడు ఎస్సై.

"నాకెందుకు సార్? మిషన్ల పెట్టిన, ఇచ్చిన."

"కంప్యూటర్ యాడ నేర్చుకున్నావు?"

"కంప్యూటరా? గది ఎట్ల నొక్కుతరో నాకెరుక లేదు సార్. టైపు మిషన్ ఒక్కటే వస్తది. నా దుకాణంల సూడుండ్రి, ఉంటే..."

ఎస్సై బాలనర్సయ్య వైపు ఊరికే చూశాడు. బాలనర్సయ్య లేచి వచ్చి కొమురయ్య చెంప మీద కొట్టాడు. కోపంగా కాదు. దస్తావేజు మీద ముద్ర వేసేటప్పుడు ఎంత కోపం ఉంటుందో అంతే.

"సార్ అడిగినదానికి చెప్పు. ఎక్కువ మాట్లాడకు."

కొమురయ్య చెంప పట్టుకుని నా వైపు చూశాడు. నాన్నగారు నేల వైపు చూస్తున్నారు. నేను గోడ మీద గడియారం వైపు చూశాను. పదకొండు కావస్తోంది. కంపెనీ ఆవిడ అయిదింటి దాకా ఉంటుంది.

అవును, మొదటి దెబ్బకు నేను నోరు విప్పలేదు. ఈ కథలో నేను చెప్పవలసిన మాట ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ అల్లిన మాటలే.

"ఎవరు చెప్తే చేసినవ్?" అన్నాడు బాలనర్సయ్య.

"ఏం చేసిన్నో జర చెప్పుండ్రి సార్, ముందుగాల."

రెండో దెబ్బకు అతని కళ్ళజోడు కింద పడింది. అప్పుడు లేచాను.

"ఆయన కాదు సార్. ఆ మెయిల్ పంపింది మా నాన్నగారు."

నాన్నగారు తల ఎత్తలేదు. ఎస్సై ఆయన వైపు, నా వైపు చూసి, బల్ల మీది ప్రింటూ ఫిర్యాదూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మూడు నక్షత్రాల మీద వేలు ఆగింది.

"ఏం సార్? మీరేనా?"

"ఆడపిల్లండి," అన్నారు నాన్నగారు. కంట్లో నీళ్ళు తిరిగాయి ఆయనకు. "రాత్రి పది నుంచి ఆరింటి దాకా అటండి. మాతో పగలని చెప్పింది. ఎలా పంపమంటారండి?"

ఎస్సై ఒక్క క్షణం ఆగి, నవ్వాడు. ఆ నవ్వులో ఎంత హాయి ఉందో. ఉదయం నుంచి మోస్తున్న బరువేదో దింపుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంతేనా సార్? ఈ మాట మొన్ననే చెప్పుంటే అయిపోయేది కదా. నాకు ఆడపిల్ల ఉంటే నేనూ ఇదే చేస్తా."

"నా పేరుతో పంపారు సార్," అన్నాను. "నా పెట్టె తెరిచి, నేను రాసినట్టు రాసి, నా ఉత్తరం తుడిచేశారు. వేరేవాళ్ళలా నటించడం అని సెక్షన్ ఉందని మీరే చెప్పారు."

"వేరేవాళ్ళు కాదు కదమ్మా. తండ్రి. ఇంటి పెద్ద. నీ తరపున జవాబిచ్చినాడు, దాంట్లో నటించేదేముండాది? కొత్త చట్టం వచ్చినా ఇది కేసు గాదు. ఇంటికి పోయి నాన్నతో మాట్లాడుకో. రాత్రి ఉద్యోగమని దాచింది తప్పు, అది నీది."

బాలనర్సయ్య కూడా నవ్వాడు. "సదువుకున్న పిల్ల, నాయిన మీద స్టేషన్‌కొచ్చె," అన్నాడు, నొచ్చుకుంటూ. ఎవరో టీ తెచ్చారు. నాన్నగారికి ఒకటి, నాకు ఒకటి. గుర్తు తెలియని వ్యక్తి కోసం నాలుగు వందల పంతొమ్మిది వెతికిపెట్టిన మనిషి, గుర్తు తెలిశాక ఫిర్యాదును రెండుగా మడిచి చెత్తబుట్టలో వేశాడు. నేరగాడు బయటివాడైనంతసేపే అది నేరం.

కాగితం అడిగాను. ఏ కాగితమని అడిగాడు.

కొమురయ్య ఇంకా నేల మీదే ఉన్నాడు, కళ్ళజోడు కాడ సరిచేసుకుంటూ. అతని సంగతి ఎస్సైకి అప్పుడు గుర్తొచ్చింది.

"నర్సన్నా, అతనితో ఒకటి రాయించుకో. రేపు ఎవరైనా అడిగితే ఉండల్ల."

బాలనర్సయ్య చకచకా రాశాడు. ఈ రకం కాగితానికి ఏ కాలమో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఫలానా కొమురయ్యను విచారణ నిమిత్తం పిలిచాం, మర్యాదగా మాట్లాడాం, ఎవరూ అతని మీద చేయి చేసుకోలేదు, అతనికి ఎవరి మీదా ఫిర్యాదు లేదు. కొమురయ్య చదవకుండానే సంతకం చేశాడు. సాక్షులు ఇద్దరు కావాలన్నారు. నాన్నగారు జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టి, కింద హోదా, తేదీ కూడా వేశారు. ఆ తర్వాత కాగితం నా ముందుకు జరిపారు.

"నేను పెట్టను," అన్నాను.

ఎస్సై విసుగ్గా చూశాడు. నాన్నగారు, "పెట్టమ్మా, వెళ్దాం," అన్నారు. నేను కదల్లేదు. అప్పుడు కొమురయ్య మాట్లాడాడు, నా వైపు చూడకుండా.

"పెట్టు బిడ్డా. నువ్వు పెట్టేదాక నన్ను పోనియ్యరు. దుకాణం తెరిచి పెట్టి వచ్చిన, మిషన్ కూడ బంద్ చేయలే."

పెట్టాను.

బయటికి వచ్చాక నాన్నగారు అతన్ని రెండడుగులు అనుసరించి, కొమురయ్యగారూ అని పిలిచారు. గారు అని పిలవడం అదే మొదటిసారి. అతను వినిపించుకోలేదు, వేగంగా నడిచి వెళ్ళిపోయాడు. మేం బస్సు ఎక్కాం. ఇల్లు చేరేదాకా ఆయన ఒక్కమాటే అన్నారు, నీ మంచికే చేశానని. నా మంచి కోసం ఆ రోజు ఎంతమంది పనిచేశారో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అయిదు గంటలయింది. సీటు పన్నెండో అమ్మాయికి వెళ్ళింది. సోమవారం రాత్రి తొమ్మిదింటికి మా వీధి చివర నుంచి సుమో వెళ్ళడం అమ్మా నేనూ విన్నాం. నవ్య తర్వాత కనుక్కుని చెప్పింది, ఆ అమ్మాయి చందానగర్‌లోనే ఉంటుందట.

కోపం తగ్గక, ఆ తర్వాతి ఆదివారం కోఠీకి వెళ్ళి ఫుట్‌పాత్ మీద శిక్షాస్మృతి పుస్తకం పాతది ఒకటి కొన్నాను. మొదటి పేజీ నుంచి చదివాను. కూతురి ఉత్తరాలు తెరిచే తండ్రికి ఎక్కడైనా ఒక సెక్షన్ ఉంటుందేమోనని ఒక్కొక్క పేరా వేలు పెట్టి వెతికాను. ఆ ఎస్సై అబద్ధం చెప్పలేదు. నాకు జరిగినదానికి ఆ పుస్తకంలో పేరు దొరకలేదు.

వేరేవి దొరికాయి. ఒక మనిషికి హాని జరగాలని సర్కారు ఉద్యోగికి తప్పుడు సమాచారం ఇస్తే నూట ఎనభై రెండు. నేరం ఒప్పించడానికి మనిషిని కొడితే మూడు వందల ముప్పై, ఏడేళ్ళ దాకా జైలు. దాని కింద అర్థమయ్యేలా ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు, ఒక పోలీసు అధికారి ఒక మనిషిని నేరం ఒప్పుకోమని హింసిస్తే అని. ఢిల్లీలో ఎవరూ కొత్తగా రాయనక్కర్లేదు. 1860 నుంచి ఉంది. కంప్యూటర్ అక్కర్లేదు, ప్రింటు అక్కర్లేదు, కళ్ళారా చూసిన సాక్షి ఉంటే చాలు. పై అధికారికి రాయవచ్చు, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు, అదీ తెలుసుకున్నాను.

మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చింది. ఆ తర్వాత నాకు ఉద్యోగమూ వచ్చింది, పగటిది. నేను ఎవరికీ ఏమీ రాయలేదు. ఎవరూ కొట్టలేదని ఆ స్టేషన్‌లో నా సంతకంతో ఒక కాగితం ఉంది.